ఎవరికి వ్యర్థం? జీవ ఆర్థిక విధానంపై ఒక పరిశీలన

కొన్ని మాటలు సాహిత్యం ద్వారా ప్రజల్లోకి వస్తాయి, కొన్ని ప్రభుత్వ పత్రాల ద్వారా వస్తాయి. మొదటి రకం మాటలను మన విమర్శకులు పట్టి పట్టి పరీక్షిస్తారు. రెండవ రకం మాటలు ఏ పరీక్షా లేకుండానే పాఠ్యపుస్తకాలలోకీ, సంపాదకీయాలలోకీ, చివరకు మన కథలలోకీ ప్రవేశిస్తాయి. ఇటీవల అట్లా ప్రవేశించిన మాట ‘జీవ ఆర్థిక వ్యవస్థ’. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ‘బయో-ఈ3’ అనే విధానాన్ని ఆమోదించింది. ఆర్థిక వ్యవస్థ, పర్యావరణం, ఉపాధి - ఇంగ్లీషులో ఈ మూడు మాటలూ ‘ఈ’ అక్షరంతోనే మొదలవుతాయి కనుక ఆ పేరు. ఈ మూడింటినీ జీవసాంకేతిక శాస్త్రం ద్వారా సాధించడమే లక్ష్యమని ప్రభుత్వం చెబుతున్నది.

రచయితలకు దీనితో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నాకూ మొదట ఆ సందేహమే ఉండేది. నా సందేహాన్ని తీర్చింది ఏ పండితుడో కాదు, తొమ్మిదవ తరగతి చదివే ఒక అమ్మాయి.

నేను ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒకసారి పిల్లలను ‘వ్యర్థం నుంచి సంపద’ అనే అంశంపై వ్యాసం రాయమన్నాను. ఇంట్లో, పొలంలో వ్యర్థంగా పోతున్న పదార్థాల జాబితా ఇచ్చి, వాటిని ఎట్లా ఉపయోగించవచ్చునో వివరించాలి. గొర్రెలు కాచుకునే కుటుంబం నుంచి వచ్చే ఒక అమ్మాయి అరపేజీ మాత్రమే రాసింది. కుడితి బర్రెకు పోతుంది. కందికట్టె పొయ్యిలోకీ, దడికీ పోతుంది. వేరుశనగ కట్టెను మేతకు వామి వేస్తారు. బూడిదతో అంట్లు తోముతారు. గొర్రెల పెంట కోసం రైతులు డబ్బులిచ్చి తమ పొలంలో మంద కట్టించుకుంటారు. ప్లాస్టిక్ కవర్లు తప్ప మా ఇంట్లో పారేసేవి ఏమీ లేవు. అంతే ఆ వ్యాసం. అడిగిన జాబితా లేదని నేను పదికి నాలుగు మార్కులు వేశాను. ఆ తరువాత కొన్నాళ్ళకు ఈ విధానం గురించిన పత్రాలు చదువుతున్నప్పుడు గాని నా తప్పు నాకు బోధపడలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు రాయకుండా వదిలిపెట్టలేదు. ప్రశ్ననే ఖండించింది.

అసలు విషయం ఏమిటి?

జీవ ఆర్థిక వ్యవస్థ అంటే బొగ్గు, పెట్రోలియం వంటి ఖనిజ వనరులకు బదులు మొక్కలు, పశువులు, సూక్ష్మజీవులు, వాటి అవశేషాలు ముడిసరుకుగా సాగే ఉత్పత్తి వ్యవస్థ. ఇందులో కొత్తదీ ఉన్నది, పాతదీ ఉన్నది. పాలు తోడుపెట్టే ప్రతి ఇల్లాలికీ సూక్ష్మజీవుల చేత పని చేయించడం తెలుసు. ఇడ్లీపిండి పులవడమూ, కల్లు పొంగడమూ అదే పని. కొత్త సంగతి ఏమిటంటే, నేటి శాస్త్రం ఆ సూక్ష్మజీవి లోపలి జన్యువును మార్చి, అది సహజంగా తయారుచేయని పదార్థాన్ని కూడా దానిచేత తయారు చేయించగలుగుతున్నది. 1982 నుంచి మధుమేహ రోగులకు అందుతున్న మానవ ఇన్సులిన్ ఈ పద్ధతిలో బాక్టీరియా తయారుచేసినదే. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిస్-బి టీకాను ఇదే శాస్త్రంతో దేశంలో మొదటిసారి తయారుచేసినప్పుడు, అంతవరకు సామాన్యుడికి అందని ఆ టీకా ధర దిగివచ్చింది.

కనుక శాస్త్రాన్ని నిందించడం మన పని కాదు. బయో-ఈ3 విధానం ఆరు రంగాలను ఎంచుకున్నది: జీవ ఆధారిత రసాయనాలు, ఎంజైములు, కొత్త రకం మాంసకృత్తులు, ఆహారాలు, కచ్చితమైన జీవ ఔషధాలు, వాతావరణ మార్పులను తట్టుకునే వ్యవసాయం, బొగ్గుపులుసు వాయువును పట్టి వినియోగించడం, సముద్ర, అంతరిక్ష పరిశోధన. వీటిలో మానవాళికి పనికివచ్చేవి ఎన్నో ఉన్నాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో చమురుకు ప్రత్యామ్నాయం వెదకడం అవసరం కూడా. అయితే ఉత్పత్తి శక్తులు పెరిగినంత మాత్రాన ఉత్పత్తి సంబంధాలు వాటంతట అవే మారవని మనం ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాం. ముడిసరుకు ఎవరిది, యంత్రం ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్నలను ‘జీవ’ అనే ఉపసర్గ చెరిపివేయదు.

ఒక మాట రెండు అర్థాలు

ఈ మాట చరిత్ర సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. రుమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త నికొలాస్ జార్జెస్కు-రోగెన్ 1971లో ఎంట్రోపీ సూత్రాన్ని ఆర్థిక ప్రక్రియకు అన్వయిస్తూ ఒక గ్రంథం వెలువరించాడు. కాలిన బొగ్గు మళ్ళీ కాలదు. ప్రకృతి నుంచి తీసుకున్న శక్తి వాడుకలో చెదరిపోతుంది, తిరిగి అదే రూపంలో చేతికి రాదు. కాబట్టి అంతులేని ఆర్థిక వృద్ధి అసాధ్యం. ఇదీ ఆయన వాదం. తన ఆలోచనా విధానాన్ని ఆయన ‘జీవ ఆర్థిక శాస్త్రం’ అని పిలుచుకున్నాడు. ఆయన చేతిలో ఆ మాట ఒక హెచ్చరిక.

2009లో సంపన్న దేశాల సహకార సంస్థ ఓ.ఇ.సి.డి. 2030 నాటి జీవ ఆర్థిక వ్యవస్థ గురించి నివేదిక విడుదల చేసింది. జర్మనీ 2010లో పరిశోధన వ్యూహాన్ని, 2020లో జాతీయ వ్యూహాన్ని ప్రకటించింది. 2012లో అమెరికా, ఐరోపా సమాజం తమ తమ పత్రాలను తెచ్చాయి. ఈ పత్రాలలోనూ సుస్థిరత ప్రస్తావన ఉన్నది. కాని మాట మాత్రం తలక్రిందులైంది. వృద్ధికి హద్దులు గుర్తుచేసిన పదమే, వృద్ధికి కొత్త మార్గం చూపించే పదంగా మారింది. విప్లవం, స్వేచ్ఛ, సేవ వంటి మాటలకు మార్కెట్టులో ఏమి జరిగిందో చూసిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

లెక్కలో ఉన్నవి, లేనివి

మన దేశపు జీవ ఆర్థిక వ్యవస్థ విలువ 2014లో సుమారు 1,000 కోట్ల డాలర్లనీ, 2024 నాటికి 16,570 కోట్ల డాలర్లకు చేరిందనీ అధికారిక నివేదికలు చెబుతున్నాయి. 2030 నాటికి 30,000 కోట్ల డాలర్లు లక్ష్యం. ఈ మొత్తాన్ని నాలుగు పద్దుల కింద లెక్కగడతారు: ఔషధాలు, వ్యవసాయం, పరిశ్రమలు, పరిశోధన సేవలు. దాదాపు సగం పరిశ్రమల పద్దుదే. ఇథనాలు వంటి జీవ ఇంధనాలు అందులోకి వస్తాయి. వ్యవసాయం పద్దులో బీటీ పత్తి విత్తనాలు వస్తాయి.

అదే బియ్యపు నూక డిస్టిలరీకి పోయి ఇథనాలు అయితే ఈ లెక్కలోకి ఎక్కుతుంది. జావ కాచుకొని ఒక ముసలమ్మ తాగితే ఎక్కదు. కందికట్టె ఫ్యాక్టరీ బాయిలరులో కాలితే ఎక్కుతుంది. పొయ్యిలో కాలితే ఎక్కదు. రైతు మార్కెట్టులో కొన్న విత్తనం ఎక్కుతుంది. అతడి అత్త కుండలో బూడిద కలిపి దాచిన విత్తనం ఎక్కదు. ఇది గణకుల తప్పు కాదు. సరుకుగా మారినదే విలువ అనే వ్యవస్థ తన కళ్ళతో తాను చూస్తున్నది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ చదివినవాళ్ళకు ఈ చూపు కొత్త కాదు. అందులో సుందరపాలెం అభివృద్ధి చెందిన మాట అబద్ధం కాదు. అప్పల్రాముడి కుటుంబం అప్పులో కూరుకుపోయిన మాటా అబద్ధం కాదు. ఊరి లెక్కలో ఆ కుటుంబం లెక్క ఇమడకపోవడమే ఆ కథలోని వైరుధ్యం.

తినే గింజ, కాలే గింజ

విధానాలలో వస్తువు ఎట్లా మారుతూ వస్తుందో చూడటానికి ఇథనాలు మంచి ఉదాహరణ. దీని తయారీ సులభంగా అర్థమయ్యేదే. గింజలోని పిండి పదార్థాన్ని ఎంజైములు చక్కెరగా మారుస్తాయి. ఈస్టు ఆ చక్కెరను సారాయిగా పులియబెడుతుంది. దాన్ని బట్టీ పెట్టి, నీటిని పూర్తిగా తొలగించి, పెట్రోలులో కలుపుతారు. చెరకు మడ్డి నుంచయితే మొదటి మెట్టు అవసరం లేదు.

2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం, ఆహారపంటల జోలికి పోకుండా, ఆహారానికి పనికిరాని ముడిసరుకును బంజరు భూములలో పండించాలన్నది. 2018 విధానం పాడైన ధాన్యాన్ని, నూకలను అనుమతించింది. ధాన్యం మిగులుగా ఉన్న సంవత్సరాలలో ఆ మిగులును కూడా వాడుకోవచ్చునన్నది. 2020 ఏప్రిల్ 20న ఆహార సంస్థ గోదాములలోని మిగులు బియ్యాన్ని ఇథనాలుకు మళ్ళించడానికి ఆమోదం లభించింది. ఆ ఏప్రిల్‌లో ఏమి జరుగుతున్నదో పాఠకులు మరచిపోయి ఉండరు. లాక్‌డౌన్‌లో పని పోగొట్టుకున్న వలస కూలీలు పిల్లలను భుజాన వేసుకొని రోడ్ల వెంబడి సొంత ఊళ్ళకు నడిచి పోతున్నారు. ‘మిగులు’ అనే మాటకు అర్థం ఏమిటో ఆ రోజు ఆ రోడ్ల మీద అడిగి ఉండవలసింది.

2021 నాటి నీతి ఆయోగ్ ప్రణాళిక 2025-26 నాటికి పెట్రోలులో కలపడానికి 1,016 కోట్ల లీటర్ల ఇథనాలు కావాలని అంచనా వేసింది. చెరకు నుంచి ఒక లీటరు ఇథనాలు రావడానికి సుమారు 2,860 లీటర్ల నీరు పడుతుందని కూడా ఆ పత్రమే ఒప్పుకున్నది. 2023 జులైలో డిస్టిలరీలకు ఆహార సంస్థ బియ్యం ఆపివేశారు. తరువాత మళ్ళీ తెరిచారు. 2025 జనవరిలో వాటికి ఇచ్చే బియ్యం ధరను క్వింటాలుకు 2,800 రూపాయల నుంచి 2,250కి తగ్గించారు. అదే క్వింటాలును సేకరించి నిల్వచేయడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు దాదాపు నాలుగు వేల రూపాయలు. 2014లో ఒకటిన్నర శాతంగా ఉన్న ఇథనాలు మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది. దీనివల్ల చమురు దిగుమతుల ఖర్చు కొంత తగ్గిన మాట, మొక్కజొన్న రైతుకు కొంత మంచి ధర పలికిన మాట వాస్తవం. మొక్కజొన్నను ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకోవలసి వచ్చిన మాటా అంతే వాస్తవం. పదిహేనేళ్ళ లోపల ‘తినడానికి పనికిరానిది’ అన్న షరతు నుంచి ‘తినగా మిగిలినది’ అన్న షరతుకు వచ్చాం. ఎవరు తినగా మిగిలినది అన్నది పత్రంలో లేదు.

బంజరు అనే అబద్ధం

వ్యర్థానికి తోబుట్టువు ‘బంజరు’. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ దేశంలో కోటి హెక్టార్లకు పైగా భూమిలో జట్రోఫా సాగుచేసి డీజిలు తీయవచ్చునన్నది. జట్రోఫా అంటే మన అడవి ఆముదమే, నేపాళమనీ అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఊరి పోరంబోకులోనూ ఈ మొక్కలు నాటారు. పశువులు దాన్ని తినవు కనుక కంచె అక్కర లేదన్నారు. నీరు లేకపోయినా కాస్తుందన్నారు. మొక్క బతికింది గాని కాయ కాయలేదు. కాసిన కాయను కొనడానికి ఎవరూ రాలేదు. చివరకు ఊరికి మిగిలింది పశువులు ముట్టని కంప. అంతకుముందు అక్కడ గరిక, వెంపలి, తంగేడు, రేగు, బలుసు ఉండేవి. మేత మేసేది, కట్టె కొట్టుకునేది, పండు ఏరుకునేది ఊరిలో భూమిలేని కుటుంబాలే. రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరు. ఆ కుటుంబాలకు అదే ఆస్తి. దేశవ్యాప్తంగా కూడా ఆ పథకం అనుకున్న లక్ష్యానికి చేరనే లేదు.

ఇప్పుడు అదే ప్రాంతానికి మరొక పథకం వచ్చింది. సంపీడిత జీవవాయువు ప్లాంట్లు 500 నెలకొల్పడానికి 65,000 కోట్ల రూపాయల పెట్టుబడి ఒప్పందం ఒకటి 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, ఒక పెద్ద కంపెనీకీ మధ్య కుదిరింది. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా దివాకరపల్లెలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బంజరు భూములలో నేపియర్ గడ్డి పెంచి, ఆ గడ్డిని గాలి చొరని తొట్లలో కుళ్ళబెట్టి వాయువు తీస్తారు. దాని ఫలితాలను ఇప్పుడే తేల్చి చెప్పడం న్యాయం కాదు. కౌలు సక్రమంగా అందితే, కరువుతో బీడు పెట్టుకున్న చిన్నరైతుకు అది ఆసరా కావచ్చు, ఉద్యోగాలూ రావచ్చు. కాని జట్రోఫా చూసిన ఊళ్ళకు కొన్ని ప్రశ్నలు అడిగే హక్కున్నది. కౌలు భూమి యజమానికి ముడుతుంది. ఆ భూమిలో గొర్రెలు మేపుకునేవాడికి ఏమి ముడుతుంది? గడ్డికి నీరు ఏ బోరు నుంచి వస్తుంది? పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూములు చేతులు మారకుండా కాపాడటానికి 1977లో 9వ చట్టం తెచ్చారు. ఆ భూములు దీర్ఘకాలపు కౌలు పేరుతో ఆచరణలో చేజారకుండా కాపాడేది ఎవరు?

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇటువంటి ప్రశ్నలనే వీధిలోకి వచ్చి అడిగారు. అక్కడ కడుతున్న ఇథనాలు ఫ్యాక్టరీ వల్ల నీరు, గాలి చెడిపోతాయని 2024 నవంబరులో వాళ్ళు జాతీయ రహదారిని దిగ్బంధించారు. తెలంగాణ ప్రభుత్వం పనులు నిలిపివేయించింది. వాళ్ళను పర్యావరణానికీ, అభివృద్ధికీ శత్రువులనడం సులభం. నిజానికి ‘హరిత’ అనే విశేషణాన్ని విశేష్యం ముందు నిలబెట్టి వాళ్ళు పరీక్షించారు. విమర్శకుడు చేయవలసిన పని అదే.

మరొక దారి ఉన్నదా?

ఉన్నది. ఆదిలాబాద్ అడవులలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కొత్త మొక్కను ఎత్తుకోలేదు. తమకు తెలిసిన కానుగనే ఎంచుకున్నారు. గింజ ఏరడం నుంచి గానుగ నడపడం వరకు తమ చేతుల్లోనే పెట్టుకున్నారు. నూనె తీయగా మిగిలిన చెక్కను పొలాలకు ఎరువుగా వేసుకున్నారు. 2003లో ప్రపంచ బ్యాంకు వారి నుంచి 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఆదాను 645 డాలర్లకు కొన్నది. వాషింగ్టన్‌లో జరిపిన ఒక సమావేశపు కాలుష్యానికి అది పరిహారమట. కొనుగోలులోని ఈ వ్యంగ్యాన్ని పక్కన పెడితే, ఆ మహిళలు చేసిన పనిలో ఒక పాఠం ఉన్నది. ముడిసరుకు, పనిముట్టు, తెలివి మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు వ్యర్థం అనే పదార్థమే పుట్టదు.

తెలివి సంగతి మరింత ముఖ్యం. గాయానికి పసుపు పెట్టడంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. వేపనూనెతో బూజును అరికట్టే పద్ధతిపై ఐరోపా ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. ఈ అనుభవాల నడుమనే 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రజల వనరునూ, జ్ఞానాన్నీ వాడుకునే సంస్థలు లాభంలో వాటా ఇవ్వాలన్నది ఆ చట్టంలోని ప్రాణసూత్రం. 2023 నాటి సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. ఉల్లంఘనలకు జైలుశిక్ష తీసివేసి జరిమానాలు మాత్రమే ఉంచింది. అంటే ఒక చేత్తో జీవ ఆర్థిక వ్యవస్థను పెంచుతూ, మరొక చేత్తో అందులో ప్రజల వాటాను కుదించారన్నమాట.

అయినా ఆ చట్టంలో మనకు పనికివచ్చే ఒక సాధనం మిగిలి ఉన్నది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ప్రజలతో కలిసి ఒక రిజిస్టరు తయారుచేయాలి. ఊరిలో ఏ చెట్టు, ఏ గడ్డి, ఏ విత్తనం ఉన్నదో, దాన్ని ఎవరు ఏ విధంగా వాడుకుంటారో అందులో రాయాలి. ఆ రిజిస్టరును గుమాస్తా పట్టణంలో కూర్చుని నింపితే అది మరొక బంజరు రికార్డు అవుతుంది. అడిగి, విని, వాళ్ళ మాటల్లోనే రాస్తే అది ఆ ఊరి వాటాకు సాక్ష్యపత్రం అవుతుంది. మాండలికం తెలిసినవాళ్ళు, వినడం వచ్చినవాళ్ళు చేయవలసిన పని ఇది. అంటే మన పని. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు వృత్తి పదాలను సేకరిస్తున్నారు. ఆ సేకరణ పరీక్ష పత్రంతో ముగిసిపోకుండా గ్రామసభ బల్ల మీదికి రావాలి. మేతగడ్డి పేరు తెలిసినవాడి ఎదుట ఆ నేలను బంజరు అనడం అంత సులభం కాదు.

మన కవిత్వంలో కూడా పెంటకుప్ప, బీడు, చెత్త అనే మాటలను నీచార్థంలో అలవాటుగా వాడుతుంటాం. ఆ అలవాటు ఎవరి కళ్ళతో చూడటం వల్ల వచ్చిందో ఒకసారి ఆత్మవిమర్శ చేసుకోవాలి. పెంటకుప్ప రైతుకు వచ్చే ఏటి పంట. ప్రగతిశీల రచయితలం అనుకునే మనమే రెవెన్యూ రికార్డు భాషలో రాస్తుంటే, విధాన పత్రాన్ని తప్పుపట్టే అర్హత మనకెక్కడిది?

ఆ అమ్మాయి జవాబుపత్రం తిరిగి తీసి మార్కులు దిద్దాను. తరగతిలో ఆ అరపేజీని చదివించి, నేను ఇచ్చిన ప్రశ్నే తప్పని పిల్లలకు చెప్పాను. “అయితే సార్, సరైన ప్రశ్న ఏంటి?” అని ఒక కుర్రవాడు అడిగాడు. మీ ఊళ్ళో ఏ వస్తువు ఎవరికి ఎందుకు ఉపయోగపడుతుందో రాయండి అన్నాను. నలభై మంది పిల్లలు రెండేసి పేజీలు రాసుకొచ్చారు. మా ఊరి రిజిస్టరు ఆ కాగితాలతో మొదలవుతుంది.